గుంత దాటాక ఏముంది: పవర్ ట్రేస్‌లో వోల్టేజ్ గ్లిచ్‌ను చదవడం

మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్‌లో ఇమిడిన చిన్న కంప్యూటర్. అది తప్పు చేసేలా దాని సప్లై వోల్టేజ్‌ను కావాలనే ఒక్క క్షణం పడగొట్టడమే వోల్టేజ్ గ్లిచ్. ఆ గ్లిచ్ కొట్టినవాళ్లు ఎవరైనా మొదట చూపించే బొమ్మ ఒకటే. ఆసిలోస్కోప్ తెర మీద 3.3 వోల్టుల దగ్గర సాఫీగా పోతున్న గీత, మధ్యలో ఉన్నట్టుండి నిలువునా ఒక గుంత, మళ్లీ పైకి లేచి నాలుగైదు ఊపులు ఊగి కుదురుకోవడం. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ గుంతలో చిప్ గురించి తెలిసేది దాదాపు ఏమీ లేదు. అది మనం తవ్విందే. ఎంత లోతు, ఎంత వెడల్పు అన్నది వోల్టేజ్‌ను పడగొట్టే స్విచ్‌గా మనం వాడే ట్రాన్సిస్టర్ (మాస్‌ఫెట్), మన తీగలు, మన కెపాసిటర్లు కలిసి తేల్చేసిన సంగతి. ఆ దెబ్బకు చిప్ ఏ ఇన్‌స్ట్రక్షన్‌ను తప్పు చదివింది, ఎక్కడికి దూకింది, పడిపోయి మళ్లీ మొదటికొచ్చిందా అన్నవి గుంత దాటాక వచ్చే సన్నటి ముడతల్లో ఉంటాయి. ముడతలు మిల్లీవోల్టుల్లో, గుంత వోల్టుల్లో. అందుకే చాలామంది గుంత చూసి, చిప్ తన ఫలితంగా సీరియల్ పోర్టులో పంపిన అంకె చూసి, మధ్యలో ఉన్న కథంతా వదిలేస్తారు. ఆ మధ్య కథ ఎలా చదవాలన్నదే ఇక్కడి విషయం.

ముందుగా పవర్ ట్రేస్ అంటే ఏమిటో చూద్దాం. చిప్ క్షణక్షణం ఎంత కరెంట్ తీసుకుంటోందో చూపే గీత అది. కొలవడానికి సప్లై దారిలో ఒక చిన్న రెసిస్టర్ పెడతారు, దాన్నే షంట్ అంటారు. 10 ఓమ్‌ల షంట్ గుండా 10 మిల్లీ ఆంపియర్లు పోతే దాని మీద 100 మిల్లీవోల్టులు పడతాయి. చిప్‌లోని లాజిక్ గేటు (సీమాస్ రకం) ఊరికే ఉన్నప్పుడు తీసుకునేది చాలా తక్కువ. 0 నుంచి 1కో, 1 నుంచి 0కో మారేటప్పుడే దానికి పని. క్లాక్ అంచు దగ్గర బోలెడన్ని గేట్లు ఒకేసారి మారతాయి కాబట్టి ప్రతి సైకిల్‌కూ ట్రేస్‌లో ఒక ముల్లు లేస్తుంది. ఏ ఇన్‌స్ట్రక్షన్ నడుస్తోంది, చిప్ లోపల డేటా మోసే తీగల (బస్) మీద ఎన్ని బిట్లు మారాయి అన్నదాన్ని బట్టి ఆ ముల్లు కాస్త పొట్టిగానో పొడుగ్గానో ఉంటుంది. తేడా కొద్ది మిల్లీవోల్టులే. కానీ గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకున్నట్టు, చిప్ తన పనిని తానే బయటపెట్టుకోవడానికి ఆ కొద్దిపాటి తేడా చాలు. 1999లో పాల్ కోచర్, జాషువా జాఫ్, బెంజమిన్ జున్ డిఫరెన్షియల్ పవర్ అనాలిసిస్ పద్ధతిని ప్రచురించి, ఈ ముడతల నుంచి రహస్య ఎన్‌క్రిప్షన్ కీ లాగవచ్చని చూపించారు. మనకిక్కడ కీతో పనిలేదు. చిప్ దెబ్బ తిన్నాక ఏం చేసిందో చెప్పే సాక్షిగా మాత్రమే ట్రేస్ కావాలి.

వోల్టేజ్ పడితే లోపల ఏమవుతుంది

ట్రాన్సిస్టర్‌కు వోల్టేజ్ తగ్గితే అది మందగిస్తుంది. ఇందులో రహస్యం లేదు, డేటాషీట్లలోనే రాసి ఉంటుంది. ఏటీమెగా 328పీ అనే మైక్రోకంట్రోలర్ తీసుకోండి. 20 మెగాహెర్ట్జ్‌తో నడపాలంటే కనీసం 4.5 వోల్టులు, 10 మెగాహెర్ట్జ్‌కు 2.7, 4 మెగాహెర్ట్జ్‌కు 1.8 వోల్టులు ఉండాలంటుంది దాని డేటాషీట్. అంటే ఇంత వోల్టేజ్‌కు ఇంత వేగమే తట్టుకుంటానని చిప్ ముందే ఒప్పుకుంటోంది. గ్లిచ్ చేసేదల్లా క్లాక్‌ను అలాగే పరిగెత్తనిచ్చి, ఆ ఒప్పందాన్ని కొన్ని నానోసెకన్ల పాటు తప్పించడం.

16 మెగాహెర్ట్జ్ క్లాక్‌లో ఒక సైకిల్ 62.5 నానోసెకన్లు. ఆ వ్యవధిలో ఒక ఫ్లిప్‌ఫ్లాప్ (క్లాక్ అంచు దగ్గర ఒక బిట్‌ను పట్టి ఉంచే సర్క్యూట్) నుంచి బయల్దేరిన విలువ మధ్యలోని గేట్లన్నీ దాటుకుని తర్వాతి ఫ్లిప్‌ఫ్లాప్ ముందుకు చేరాలి. చేరాక తర్వాతి క్లాక్ అంచు వచ్చేదాకా కాసేపు కదలకుండా నిలవాలి కూడా. ఆ కాసేపునే సెటప్ టైమ్ అంటారు. మామూలుగా ఈ ప్రయాణానికి 40 నానోసెకన్లు పట్టేదనుకుందాం. వోల్టేజ్ పడ్డప్పుడు 70 పట్టిందంటే క్లాక్ అంచు వచ్చేసరికి కొత్త విలువ ఇంకా దారిలోనే ఉంటుంది. ఫ్లిప్‌ఫ్లాప్ పాత విలువనో, సగం ఉడికిన విలువనో పట్టుకుంటుంది. 2013లో ఫ్రాన్స్ పరిశోధకుల బృందం ఒకటి ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనమే అమర్చుకోగల చిప్) మీద పరీక్షలు చేసి, పవర్ గ్లిచ్ వల్ల వచ్చే తప్పుల వెనక ఉన్నది ఈ టైమింగ్ ఉల్లంఘనేనని చూపించింది.

అయితే మైక్రోకంట్రోలర్‌లో కథ అంతటితో ఆగదు. ప్రోగ్రామ్‌ను దాచుకునే ఫ్లాష్ మెమరీ ఉంది. అందులోని బిట్ 0నా 1నా అని తేల్చే సెన్స్ యాంప్లిఫయర్లు చాలా సున్నితమైనవి. చదివే క్షణంలో వోల్టేజ్ కదిలితే తప్పు విలువ వస్తుంది. పైగా ఎస్‌టీఎం32ఎఫ్4 లాంటి చిప్పులు ఫ్లాష్ నుంచి ఒక్కసారికి 128 బిట్లు లాగుతాయి. ఆ చిప్ వాడే 16 బిట్ల (థంబ్ అనే రకం) ఇన్‌స్ట్రక్షన్లయితే అందులో ఎనిమిది పడతాయి. ఆ ఒక్క రీడ్ చెడితే చెడేది ఒక ఇన్‌స్ట్రక్షనా, ఆరా అన్నది మన చేతిలో లేదు. "గ్లిచ్ అంటే ఒక ఇన్‌స్ట్రక్షన్ ఎగిరిపోవడం" అని అందరూ చెప్పే మాట సులభంగా అర్థం కావడానికి బాగానే ఉంటుంది గానీ, దాన్నే పట్టుకుని కూర్చుంటే ట్రేస్ చూసినప్పుడు తికమక తప్పదు.

గ్లిచ్ కొట్టే తీరు గురించి పెద్దగా చెప్పుకోవాల్సిందేమీ లేదు. సప్లై పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య ఒక ఎన్-ఛానెల్ మాస్‌ఫెట్ పెట్టి, కావాల్సిన క్షణంలో దాన్ని ఆన్ చేసి వెంటనే ఆపేస్తారు. దీన్ని క్రోబార్ పద్ధతి అంటారు. చిప్‌విస్పరర్ లాంటి పరికరాలు దీన్నే వాడతాయి. డీకప్లింగ్ కెపాసిటర్లు అడ్డొస్తాయి కాబట్టి తీసేస్తారు. వోల్టేజ్ పడకుండా కాపు కాయడమే వాటి ఉద్యోగం మరి. లోపల రెగ్యులేటర్ ఉన్న చిప్పుల్లో బయటి 3.3 వోల్టులను కొడితే ఆ దెబ్బను రెగ్యులేటర్ చాలావరకు మింగేస్తుంది. అందుకే రెగ్యులేటర్ అవుట్‌పుట్‌కు కెపాసిటర్ తగిలించే పిన్ మీద కొడతారు. ఎస్‌టీఎం32ఎఫ్4లో అది వీక్యాప్ పిన్, కోర్ వోల్టేజ్ అక్కడ 1.2 వోల్టుల చుట్టూ ఉంటుంది. ఇదంతా సొంత బోర్డు మీద, పోయినా బాధ లేని చిప్ మీద చేసుకోవాల్సిన పని అని వేరే చెప్పక్కర్లేదు.

కొలతే మోసం చేసే చోట

నేను మొదటిసారి ఈ ట్రేసులు తీసినప్పుడు గ్లిచ్ తర్వాత అందంగా ఊగుతూ తగ్గిపోయే ఒక అల కనిపించింది. చిప్ లోపలి పవర్ గ్రిడ్ ఊగుతోందని రెండు సాయంత్రాలు లెక్కలు వేశాను. చివరికి అది ప్రోబ్ గ్రౌండ్ తీగ. మొసలి క్లిప్పు ఉన్న ఆ బెత్తెడు తీగకు ఇండక్టెన్స్ సుమారు 150 నానోహెన్రీలు అనుకోండి. ప్రోబ్ మొన దగ్గర కెపాసిటెన్స్ 12 పికోఫారడ్లు. రెండూ కలిస్తే సుమారు 120 మెగాహెర్ట్జ్ దగ్గర మోగే గంట తయారు. గ్లిచ్ లాంటి పదునైన అంచు ఆ గంటను కొట్టింది, నేను దాని మోతను చిప్ గొంతు అనుకున్నాను. తీగ తీసేసి, ప్రోబ్ మొనకు చుట్టే చిన్న స్ప్రింగ్ గ్రౌండ్ పెట్టగానే ఆ అల దాదాపు మాయమైంది. దీన్ని పట్టుకోవడానికి ఓ తేలిక దారి ఉంది. చిప్‌ను రీసెట్‌లో పట్టి ఉంచి అదే గ్లిచ్ కొట్టండి. అప్పుడు లోపల ఏ ప్రోగ్రామూ నడవడం లేదు. అయినా కనిపించే ఊపు ఏదైనా మీ తీగలదీ బోర్డుదే.

రెండో చిక్కు స్కోప్ లోపలే ఉంది. మామూలు స్కోప్‌లో వోల్టేజ్‌ను అంకెగా మార్చే భాగం (ఏడీసీ) 8 బిట్లు, అంటే 256 మెట్లు. గుంత మొత్తం తెర మీద పట్టాలని నిలువు పరిధి 4 వోల్టులు పెడితే ఒక్కో మెట్టు 15.6 మిల్లీవోల్టులు. మనం వెతికే ముడత 5 మిల్లీవోల్టులు. అది ఒక మెట్టు కూడా ఎక్కదు. గుంత బ్రహ్మాండంగా కనిపిస్తుంది, చిప్ మాత్రం కనిపించదు. అందుకే రెండు ఛానెళ్లు వాడాలి. ఒకటి వోల్టుల్లో, గ్లిచ్ ఆకారం కోసం. ఇంకొకటి ఏసీ కప్లింగ్‌తో (అంటే స్థిరంగా ఉండే వోల్టేజ్‌ను తీసేసి మార్పులనే చూపేలా), కొద్ది మిల్లీవోల్టుల పరిధిలో, చిప్ కోసం. రెండో ఛానెల్ గ్లిచ్ సమయంలో పూర్తిగా కొట్టుకుపోతుంది, పోనివ్వండి. కాకపోతే అంత పెద్ద దెబ్బ తిన్న యాంప్లిఫయర్ తేరుకోవడానికి కాస్త సమయం పడుతుంది. ఆ కాసేపు అది చెప్పేదేదీ నమ్మకూడదు.

మూడోది షంట్ విలువ. ఇక్కడే అసలు బేరం ఉంది. షంట్ పెద్దదైతే ముడతలు పెద్దగా కనిపిస్తాయి. కానీ మాస్‌ఫెట్ ఆగిపోయాక చిప్ వైపు కెపాసిటెన్స్ మళ్లీ నిండాల్సింది ఆ షంట్ గుండానే. 10 ఓమ్‌లు, చిప్ దగ్గర మిగిలిన కెపాసిటెన్స్ 10 నానోఫారడ్లు అనుకుంటే వాటి లబ్ధం 100 నానోసెకన్లు. పూర్తిగా కుదురుకోవడానికి దానికి ఐదు రెట్లు, 500 నానోసెకన్లు. 16 మెగాహెర్ట్జ్ దగ్గర అది 8 సైకిళ్లు. అంటే గ్లిచ్ తగిలిన ఇన్‌స్ట్రక్షన్‌ను, దాని వెనక వచ్చే ఏడెనిమిదింటిని ట్రేస్‌లో చూడటం కుదరదు. అవి ఆ చీకట్లోనే జరిగిపోతాయి. పైగా వోల్టేజ్ నెమ్మదిగా పైకెక్కుతున్నంతసేపూ చిప్ ఇంకా బలహీనంగానే ఉంటుంది. మనం కొట్టింది ఒక సైకిల్‌ను అనుకున్నా, దెబ్బ ఐదారు సైకిళ్లకు పాకవచ్చు. షంట్ తగ్గిస్తే చీకటి తగ్గుతుంది, చూపూ తగ్గుతుంది. కొందరు షంట్ వదిలేసి, చిప్ మీద చిన్న కాయిల్ ఆనించి అయస్కాంత క్షేత్రంలోని మార్పును చదువుతారు. క్రోబార్ దారిలో ఏ రెసిస్టరూ ఉండదు కాబట్టి అది మంచి ఉపాయమే. కాకపోతే కాయిల్ అర మిల్లీమీటరు జరిగినా ట్రేస్ రూపు మారుతుంది. నాకైతే చిన్న షంట్, మంచి యాంప్లిఫయర్ జంటే నచ్చుతుంది.

ఒక లూపు, నాలుగు కథలు

గ్లిచ్ ప్రభావాన్ని చదవడం నేర్చుకోవడానికి అందరూ వాడే పరీక్ష ప్రోగ్రామ్ ఒకటుంది. లూపులో లూపు. బయటిది 100 సార్లు, లోపలిది 100 సార్లు, లోపల ఒక లెక్క ఒక్కొక్కటిగా పెరుగుతుంది. చివర 10000 అని రావాలి. మొదలయ్యే ముందు ఒక పిన్‌ను పైకి లేపి, అయ్యాక దించుతాం. స్కోప్‌కు ట్రిగ్గర్ అదే. లోపలి లూపు ఒక చుట్టుకు 10 సైకిళ్లు పడుతుందనుకుందాం. 16 మెగాహెర్ట్జ్‌లో 625 నానోసెకన్లు, మొత్తం మీద సుమారు 6.25 మిల్లీసెకన్లు. దీని ట్రేస్ దువ్వెనలా ఉంటుంది. 625 నానోసెకన్లకు ఒకసారి అదే ఆకారం, నూరు పళ్లకు ఒకసారి బయటి లూపు తాలూకు చిన్న విరామం. ఇంత క్రమం తప్పని గీత కాబట్టే ఎక్కడ తప్పినా పట్టుకోవచ్చు.

ఇప్పుడు గ్లిచ్ కొడితే సీరియల్ పోర్టులో 9937 వచ్చిందనుకోండి. "గ్లిచ్ తగిలింది" అని సంబరపడి కాగితం మీద టిక్కు పెట్టుకోవచ్చు. కానీ ఏం జరిగినట్టు? లోపలి లూపు ఒకసారి 37 దగ్గరే బయటికొచ్చేసిందా? లేక లూపులన్నీ సరిగ్గానే తిరిగి, లెక్క దాచిన రిజిస్టర్‌లో విలువ చెడిందా? అంకె రెండు సందర్భాల్లోనూ ఒకటే. ట్రేస్ మాత్రం రెండింటికీ వేర్వేరుగా ఉంటుంది. లూపు ముందే బయటికొస్తే 63 చుట్లు తగ్గాయి. గుంత తర్వాత ఉన్న దువ్వెన మొత్తం 63 పళ్ల మేర, అంటే 39.4 మైక్రోసెకన్లు ఎడమకు జరిగి ఉంటుంది. లెక్క మాత్రమే చెడితే ఒక్క పన్ను కూడా కదలదు, చిట్టచివర ఫలితం తప్పు రావడం తప్ప. మొదటిది కంట్రోల్ చెడటం, రెండోది డేటా చెడటం. రక్షణ రాసుకునేవాళ్లకు ఈ రెండూ రెండు వేర్వేరు జబ్బులు, మందులు కూడా వేరు.

9999 వచ్చినా అంతే. లెక్కను పెంచే ఇన్‌స్ట్రక్షన్ ఒకటి ఏమీ చేయని ఇన్‌స్ట్రక్షన్‌గా మారిపోయి ఉంటే, దాని సైకిల్ అది ఎలాగూ తీసుకుంటుంది. ట్రేస్ పొడవు మారదు, మారినా ఒకటి రెండు సైకిళ్లు. అదే ఒక చుట్టు మొత్తం ఎగిరిపోయి ఉంటే సరిగ్గా 10 సైకిళ్ల జరుగుడు కనిపిస్తుంది. మరి మొత్తం పొడవు చూడ్డానికి ట్రిగ్గర్ పిన్ ఎప్పుడు దిగిందో చూస్తే చాలదా? చాలదు. పిన్ మొత్తం ఎంత తగ్గిందో చెబుతుంది గానీ ఎక్కడ తగ్గిందో చెప్పదు. గ్లిచ్ తగిలిన చుట్టులోనే తేడా వచ్చిందా, లేక అప్పుడు చెడిన ఒక విలువ వెయ్యి చుట్ల తర్వాత తన ప్రభావం చూపించిందా అన్నది దువ్వెనలో పన్ను విరిగిన చోటే చెబుతుంది.

జరుగుడు కొలిచేటప్పుడు ఇంకో సూక్ష్మం. అది సైకిల్‌కు పూర్ణాంక రెట్లలో ఉంటే అది ప్రాసెసర్ చేసిన పని. 10 సైకిళ్లు, 630 సైకిళ్లు, ఇలా. అలా కాకుండా 0.4 సైకిల్ లాంటి ముక్క జరిగి ఉంటే ప్రోగ్రామ్‌ను అనుమానించకండి. గ్లిచ్ దెబ్బకు చిప్ లోపల క్లాక్‌ను పుట్టించే ఆసిలేటరో, దాన్ని కావాల్సిన వేగానికి పెంచే పీఎల్ఎల్లో తడబడి, క్లాక్ కాస్త వెనకో ముందో అయింది. క్లాక్‌ను బయటి నుంచి, వేరే సప్లైతో ఇస్తే ఈ గొడవ చాలావరకు పోతుంది.

ఇక రీసెట్. గ్లిచ్ ఎక్కువైతే వచ్చేది ఇదే. కరెంట్ ఒక్కసారిగా అడుగుకు పడి, చదునుగా కాసేపు ఉండి, ఆపైన చిప్ మొదలయ్యేటప్పుడు మాత్రమే కనిపించే ఆకారం మొదలవుతుంది. దాన్ని ఒకసారి గుర్తుపట్టడం నేర్చుకుంటే మళ్లీ మర్చిపోరు. బయట నుంచి చూస్తే రీసెట్ లాగే ఉండి నిజానికి కాని సందర్భం కూడా ఒకటుంది. గ్లిచ్ వల్ల కార్టెక్స్-ఎం ప్రాసెసర్ ఉన్న చిప్ హార్డ్‌ఫాల్ట్‌లోకి, అంటే అమలు చేయలేని తప్పు ఎదురైతే దూకే స్థితిలోకి పోయింది. చాలా ప్రోగ్రాముల్లో అక్కడ నడిచే కోడ్ (హ్యాండ్లర్) తన చుట్టూ తాను తిరిగే ఒక్క ఇన్‌స్ట్రక్షన్. ట్రేస్‌లో అది కొద్ది సైకిళ్ల నిడివితో అలసట లేకుండా తిరిగే సన్నటి రంపం పళ్లు. కొన్ని మిల్లీసెకన్ల తర్వాత ప్రోగ్రామ్ ఇరుక్కుపోతే కనిపెట్టే టైమర్ (వాచ్‌డాగ్) నిద్రలేచి చిప్‌ను రీసెట్ చేస్తుంది. సీరియల్ పోర్ట్ దగ్గర కూర్చున్నవారికి రెండూ "చిప్ మళ్లీ మొదలైంది" అనే ఒక్క సంగతే. కానీ మొదటి దానిలో చిప్ తన కాళ్ల మీద నిలబడలేకపోయింది. రెండో దానిలో నిలబడి, చెడిన ఇన్‌స్ట్రక్షన్‌ను నిజంగానే అమలు చేయబోయి దొరికిపోయింది. గ్లిచ్ వెడల్పును వెతికేవారికి రెండోది శుభవార్త, మొదటిది కాదు. రెండింటినీ ఒకే గాటన కట్టి "రీసెట్" అని రాసుకున్న పట్టికలు చూసినప్పుడల్లా ఎంత సమాచారం పారేశారో అనిపిస్తుంది.

దేనితో పోల్చాలి

ముడతలు కంటికి ఆనేవి కావు కాబట్టి తేడా తీసి చూడాలి. అంటే ఒక ఆదర్శ ట్రేస్‌ను పక్కన పెట్టుకుని, మన ట్రేస్ నుంచి తీసివేయాలి. అందరికీ మొదట తోచేది గ్లిచ్ లేని ట్రేస్‌ను ఆదర్శంగా పెట్టుకోవడం. అది పనికిరాదు. గుంత, ఊపు, షంట్ గుండా నిండే ఆ వంపు, యాంప్లిఫయర్ తేరుకోవడం అన్నీ తేడాగా పైకి తేలి, అసలు తేడాను ముంచేస్తాయి.

పెట్టుకోవాల్సింది గ్లిచ్ తగిలీ ఏమీ కాని ట్రేస్‌ను. అదే వెడల్పు, అదే క్షణం, అదే బోర్డు, కానీ ఫలితం 10000. అలాంటివి వందల్లో దొరుకుతాయి. ఒకే గ్లిచ్ ఒకసారి పారి ఇంకోసారి పారకపోవడం ఈ పనిలో రోజూ ఉండేదే. ఆ "ఏమీ కాని" ట్రేసుల సగటు తీసి పక్కన పెట్టుకుంటే, గుంతా దాని తోకా రెండింటిలోనూ ఒకేలా ఉంటాయి కాబట్టి తీసివేతలో రద్దయిపోతాయి. మిగిలేది చిప్ ప్రవర్తనలోని తేడా. విఫలమైన షాట్లను చెత్తబుట్టలో వేయకూడదనేది ఇందుకే.

సగటు విషయంలో ఒక జాగ్రత్త. పవర్ అనాలిసిస్‌లో వేల ట్రేసులు సగటు తీసి రొదను అణచడం అలవాటు. ఇక్కడ తప్పు జరిగిన ట్రేసులను కళ్లు మూసుకుని సగటు తీస్తే, వేర్వేరు తప్పులు కలిసిపోయి ఏ తప్పునూ చూపని బురద మిగులుతుంది. ముందు ఫలితాన్ని బట్టి గుంపులు చేయాలి, ఆ గుంపులో ట్రేస్ ఆకారాన్ని బట్టి మళ్లీ విడదీయాలి, ఆ తర్వాతే సగటు. ట్రేస్‌ను చిన్న కిటికీలుగా కోసి, ఒక్కో కిటికీ ఆదర్శ ట్రేస్‌లో ఎక్కడ బాగా అతుకుతుందో కంప్యూటర్‌తో వెతికిస్తే, జరుగుడు ఎక్కడ మొదలైందో మెట్టులా కనిపిస్తుంది. గణితం పెద్దదేమీ కాదు, రెండు ఆకారాలు ఎంత పోలి ఉన్నాయో కొలిచే కోరిలేషనే.

చిప్ తన లోపలి ఆర్‌సీ ఆసిలేటర్ మీద నడుస్తుంటే మాత్రం మెట్టు అంత శుభ్రంగా రాదు. క్లాక్ 1 శాతం అటూ ఇటూ అయితే 1 మిల్లీసెకన్ చివర 10 మైక్రోసెకన్ల తేడా వస్తుంది, 16 మెగాహెర్ట్జ్‌లో 160 సైకిళ్లు. అప్పుడు ట్రిగ్గర్‌ను ప్రోగ్రామ్ మొదట్లో కాక, ట్రేస్‌లోనే గుర్తుపట్టగల ఒక ఆకారానికి, గ్లిచ్‌కు వీలైనంత దగ్గరలో కట్టుకోవాలి.

ప్రయోగశాల బయట

లూపు పరీక్షలో ట్రిగ్గర్ పిన్ మన చేతిలో ఉంది. అసలు ఉత్పత్తుల్లో ఉండదు. అక్కడ గ్లిచ్‌కు క్షణం ఏదో ముందే తెలియాలి, దాన్ని చెప్పేదీ పవర్ ట్రేసే. లోపలి ప్రోగ్రామ్‌ను బయటివారు చదవకుండా లాక్ చేసిన చిప్ బూట్ అయ్యేటప్పుడు తన రక్షణ సెట్టింగ్‌ను ఫ్లాష్ నుంచి చదివి ఒక నిర్ణయం తీసుకుంటుంది. లాక్ ఉన్న చిప్, లేని చిప్ రెండింటి బూట్ ట్రేసులను పక్కపక్కన పెడితే అవి విడిపోయే చోటు ఆ నిర్ణయానికి దగ్గరలో ఉంటుంది.

ఎల్‌పీసీ అనే మైక్రోకంట్రోలర్ కుటుంబంలోని ఇలాంటి లాక్, కోడ్ రీడ్ ప్రొటెక్షన్, దీనికి పాఠం లాంటిది. ఫ్లాష్‌లో ఒక నిర్ణీత చోట 12345678 అనే హెక్స్ విలువ ఉంటే మొదటి స్థాయి రక్షణ, 87654321 ఉంటే రెండోది, 43218765 ఉంటే మూడోది. ఈ రక్షణ విలువల్లో ఏదీ కాకపోతే తలుపు తెరిచే ఉంటుంది. 32 బిట్లలో ఒక్క బిట్ తప్పు చదివినా చాలు, లాక్ లేనట్టే. చదివేటప్పుడు ఏదో ఒక తప్పు రప్పిస్తే సరిపోతుంది, ఫలానా తప్పే రావాల్సిన అవసరం లేదు. 2017లో ఈ రక్షణను గ్లిచ్‌తో దాటవచ్చని క్రిస్ గెర్లిన్‌స్కీ బహిరంగంగా చూపించాడు. 2020లో నార్డిక్ ఎన్‌ఆర్‌ఎఫ్52 చిప్పుల డీబగ్ లాక్‌ను (బయటి నుంచి చిప్ లోపలికి చూసే దారికి వేసిన తాళాన్ని) లిమిటెడ్‌రిజల్ట్స్ అనే మారుపేరు గల పరిశోధకుడు బూట్ క్షణంలో కోర్ సప్లైని కొట్టి తెరిచాడు. ఆ మరుసటి ఏడు యాపిల్ ఎయిర్‌ట్యాగ్ ఫర్మ్‌వేర్ బయటపడిందీ అదే కుటుంబపు చిప్ మీద, అదే దారిలో.

మరి తక్కువ వోల్టేజ్‌ను కనిపెట్టడానికే పెట్టిన బ్రౌన్-అవుట్ డిటెక్టర్ ఏం చేస్తున్నట్టు? అది నెమ్మదస్తుడు. బ్యాటరీ క్రమంగా అయిపోవడం, అడాప్టర్ తడబడటం లాంటివి పట్టుకోవడానికి చేసినది. ఉత్తుత్తి రొదకు రీసెట్ అవ్వకూడదని కావాలనే దాన్ని మందంగా చేస్తారు. పదుల నానోసెకన్లలో వచ్చి పోయే గుంత అది కళ్లు తెరిచేలోపే వెళ్లిపోతుంది. ఈ మాట కూడా ట్రేస్‌లో చూసుకోవచ్చు. వెడల్పు పెంచుకుంటూ పోతే, రంపం పళ్ల కథలు ఆగిపోయి చదును రీసెట్లు మాత్రమే వచ్చే ఒక హద్దు దొరుకుతుంది. డిటెక్టర్ మేలుకునేది సుమారుగా అక్కడ.

2024 ఆగస్టులో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై కంపెనీ మైక్రోకంట్రోలర్ ఆర్‌పీ2350 ఇంకో దారి పట్టింది. వోల్టేజ్‌ను కొలవకుండా, గ్లిచ్ ఏ లోపాన్ని వాడుకుంటుందో దాన్నే కాపలా పెట్టింది. అందులోని నాలుగు గ్లిచ్ డిటెక్టర్లు సెటప్ టైమ్ మిగులు తగ్గిపోవడాన్ని పసిగట్టి చిప్‌ను రీసెట్ చేస్తాయి. ఆ చిప్‌ను ఛేదించమని కంపెనీయే పందెం కట్టి పిలిచింది, 2025 జనవరిలో విజేతలను ప్రకటించింది. అందులో ఒక దాడి ఆ డిటెక్టర్లు కాపలా కాసే కోర్ సప్లై జోలికే పోలేదు. రహస్యాలు దాచే ఓటీపీ మెమరీకి (ఒక్కసారే రాయగలిగే మెమరీకి) విడిగా సప్లై ఇచ్చే పిన్‌ను, బూట్‌లో ఆ మెమరీని చదివే క్షణంలో పడగొట్టింది. కోర్‌కు ఏమీ కాలేదు, దానికి అందిన విలువలే తప్పు. ఇలాంటి దాడిని కోర్ సప్లైలో పెట్టిన షంట్‌తో చూస్తే గుంత అనేది తెర మీదకే రానక్కర్లేదు. ఎప్పటిలాగే సాగుతున్న బూట్ ట్రేస్ ఒక చోట నుంచి వేరే ఆకారంలో నడుస్తుంది, అంతే.